మూడు ఆదివారాల ప్రకటన

పర్చూరు పక్క పల్లె,
12-1-2004

ప్రభువునందు ప్రియమైన సలోమికి,

పెదనాన్న దానయ్య వందనములు. మూడు ఆదివారాలు చదవాల్సిన నీ పెళ్లి ప్రకటన నిన్న చర్చిలో మొదటిసారి చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేవమని పాస్టరుగారు అడగ్గానే నేనే లేచాను. "ఈ పిల్ల మొగుడు ప్రేమ్‌చంద్ పిడుగురాళ్లలో సున్నపు బట్టీ దగ్గర నిక్షేపంగా ఉన్నాడండీ" అన్నాను. సంఘ పెద్దని, చెప్పకపోతే ఎలా? గుంటూరు జడ్జిగారు విడాకులిస్తే ఇచ్చారు. దేవుడు వేసిన ముడి విప్పడానికి ఆయనెవరు? నువ్వు చేసుకోబోయే ఇమ్మానియేలు మంచివాడే కావచ్చు. మా సంఘం దృష్టిలో నువ్వింకా ప్రేమ్‌చంద్ భార్యవే.

నీ మేలు కోరే
పెదనాన్న

తా.క.: పెళ్లికని నువ్వు పంపిన కొత్త పంచె కట్టుకునే లేచాను. అందరూ బాగుందన్నారు.

బ్రాడీపేట, గుంటూరు

పెదనాన్నగారికి,

సలోమి వందనాలు. ప్రేమ్‌చంద్ నా చెయ్యి విరగ్గొట్టినప్పుడు మీరొచ్చి ప్రార్థన చేసి, నన్ను మళ్లీ ఆ ఇంటికే పంపారు. రెండోసారి కూడా అదే చెయ్యి విరిచాడు. ఆ తర్వాతే కోర్టుకి వెళ్లాను. అమ్మని ఆ చర్చి పక్కనే పూడ్చాం. ఆమెకి దగ్గరగా పెళ్లి చేసుకోవాలన్నదే నా ఆశ. రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకుందామని ఇమ్మానియేలు అంటుంటే నేనే వద్దంటున్నాను. వచ్చే ఆదివారం మీరు లేవకండి. మీ మీద కోపంగా ఉంది, ఏడుపూ వస్తోంది.

మీ
సలోమి

తా.క.: ఆ ముడి మీకంత ముద్దయితే ఆ అల్లుణ్ణి మీరే ఉంచుకోండి.

పర్చూరు పక్క పల్లె

ప్రియమైన సలోమికి,

స్తోత్రం! నీ మనసు మారినందుకు మీ పెద్దమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఉంచుకోమన్నావు కదా అని అల్లుడికి కార్డు రాశాను. పెట్టె, పరుపుతో సహా దిగాడు. పెళ్లి ప్రకటన ఆపించేశాను. నువ్వు కూడా వచ్చేస్తే కాపురం ఇక్కడే పెట్టిద్దాం.

పెదనాన్న

తా.క.: నాటుకోడి కోయించాం. మాకు పులుసు మిగిల్చాడు.

బ్రాడీపేట

పెదనాన్నగారికి,

అది వెటకారమండీ! నేను రాను. నాకు అతను ఏమీ కాడు. మీ సంఘానికి అల్లుడు గనక మీరే మర్యాదలు చేసుకోండి.

సలోమి

తా.క.: అతను తాగినప్పుడు పెద్దమ్మని ఎదురుగా నిలబడొద్దనండి.

పర్చూరు పక్క పల్లె

అమ్మా సలోమీ,

నువ్వు చెప్పిన మాట పెద్దమ్మకి చెప్పేలోపే అయిపోయింది. కూర చల్లారిందని ఆవిణ్ణి గోడకేసి తోశాడు. తల పగిలింది. కళ్లంలో ఆరబెట్టిన మిరపకాయలు అమ్ముకుని తాగాడు. స్టేషన్‌కి వెళితే ఎస్సైగారు నవ్వారు. "మీ అల్లుడే అని మీరే చర్చిలో చెప్పారటగా! ఇంటి గొడవకి నేనేం చేసేది? కాదని రుజువు చేసే కోర్టు కాగితం ఉంటే తీసుకురండి" అన్నారు. నీ విడాకుల జిరాక్సు వెంటనే పంపు తల్లీ.

పెదనాన్న

తా.క.: మామూలు పోస్టులో వద్దు, రిజిస్టరు పోస్టులో పంపు. వీధి వాకిట్లో పడుకునేది అతనే, ఉత్తరాలు ముందు అతని చేతికే పోతాయి.

బ్రాడీపేట

పెదనాన్నగారికి,

పెద్దమ్మ కోసం పంపుతున్నాను. ఆ కాగితం మీకు పనికొచ్చినప్పుడు నాకూ పనికొస్తుంది కదా. నా పెళ్లి ప్రకటన మళ్లీ చదివించండి. ఎదురు చూస్తుంటాను.

సలోమి

పర్చూరు పక్క పల్లె,
3-5-2004

ప్రభువునందు ప్రియమైన సలోమికి,

నీ కాగితం చూపించగానే ఎస్సైగారు ప్రేమ్‌చంద్‌ని మా ఇంట్లోంచి పంపించేశారు. మీ పెద్దమ్మ కట్టు కూడా విప్పారు. పాపం, అతను చర్చిలో మోకాళ్ల మీద పడి ఏడ్చాడు. ఒంటరి మగాడు ఎంతకాలం హోటలు కూడు తింటాడు? వడ్రంగి పేరయ్య కూతురితో సంబంధం మాట్లాడాం. నువ్వు భార్యవి కాదని కోర్టే చెప్పింది గనక అతనికి అడ్డేమీ లేదు. వచ్చే గురువారం మన చర్చిలోనే పెళ్లి.

నీ సంగతి వేరమ్మా. కోర్టుకెక్కింది నువ్వు, కాబట్టి వదిలేసింది నువ్వు. వదిలేయబడ్డవాడికి వాక్యంలో దారి ఉందట, వదిలేసినవాళ్లకి లేదట. మా సంఘం దృష్టిలో నువ్వింకా ప్రేమ్‌చంద్ భార్యవే.

నీ మేలు కోరే
పెదనాన్న

తా.క.: అతని పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలూ చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేవమన్నారు. ఎవరూ లేవలేదు. నాకు మోకాళ్ల నొప్పులు.