గుండు టైర్లు

అన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. పొద్దున నీ ఫోన్లో నువ్వు చూసే కార్ల రేసు పెట్టాను. నాలుగు చినుకులకే ఆపేశారు. నీతో ఎప్పుడూ అనే మాటే మళ్లీ అన్నాను: "వానకు ఆగుడేంది? ఇందుల ఏదో మతలబున్నది." నువ్వు నవ్వేవాడివే తప్ప కారణం చెప్పలేదు.

నీ కారు జారినప్పటి నుంచి నాకు అందరి మీదా అనుమానమే. ఎదురొచ్చిన లారీవాడి మీద, రోడ్డు వేసినవాడి మీద, చివరికి నీకు టైర్లు వేసే కోరుట్ల కరీం భాయ్ మీద కూడా. అందుకే ఈరోజు ఆయన దుకాణానికి పోయి రేసు సంగతి కదిపాను.

"ఆ రేసుకు గాట్లు లేని టైర్లేస్తరు చెల్లె. ఎండల రోడ్డును గట్టిగ పట్టుకుంటయి. వానల నీళ్లు పోనీకి సందుండది, కారు నీళ్ల మీద తేల్తది. గాట్ల టైర్లేసే రేసులైతే వానల గూడ నడుస్తయి."

మళ్లీ ఆయనే అన్నాడు. "మీ అన్న టైర్లు గూడ అరిగి గుండయినయి. కొండగట్టు గుడిల మొక్కు తీర్చుకున్నయని నవ్వేటోడు. మార్చేదాంక వానల బండి తియ్యనన్నడు. మరి గా రోజు ఎందుకు తీసిండో."

ఆ రోజు సిరిసిల్ల నుంచి "వానకు ఆగుడేంది, జల్ది రా" అని నీకు ఫోన్ చేసింది నేనే.