అన్నయ్య వాటా

అమ్మా,

సగం దారి క్షేమంగా వచ్చాను. నువ్వు అలిగి గుమ్మం దాకా రాకపోయినా, నా కబురు కోసం చూస్తుంటావని ఈ కార్డు ముక్క.

రెండో విమానానికి ఆరు గంటలు ఆగాలి. కాళ్లు పీకుతుంటే, ఏ టికెట్టువాళ్లనైనా డబ్బు కడితే కూర్చోనిచ్చే లాంజ్ ఒకటి కనబడి అందులోకి వెళ్లాను. మెత్తటి కుర్చీలు, ఎంత తిన్నా అడిగేవాళ్లు లేరు. ఒక బన్ను తెచ్చుకుని, అలవాటు కొద్దీ రెండుగా తుంచి, సగం పక్క పళ్లెంలో పెట్టాను. బల్లలు తుడిచే ఆవిడ వచ్చి, "ఇది తీసెయ్యమంటారా?" అంది.

"ఉంచండి, మా అన్నయ్యది," అన్నాను.

ఆవిడ ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూసి, పళ్లెం మీద కాగితం కప్పి వెళ్లిపోయింది. అన్నయ్యకి ఇప్పుడు ఇవేవీ పడవని ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆ సగమూ నేనే తిన్నాను.

బడి చొక్కాలకి కాజాలు మిగిలాయి, చెల్లి చేత కుట్టించు. నా కత్తెరతో కాగితాలు కత్తిరించనివ్వకు. మోకాలికి కాపడం పెట్టుకుంటున్నావా? ఆపరేషను గురువారం. ఒక్క కిడ్నీతో నిక్షేపంగా బతకొచ్చని డాక్టరు నాకు రెండుసార్లు చెప్పాడు. నా మీద కోపం ఉంటే ఉండనీ, అన్నయ్యకి మాత్రం ఫోను చెయ్యి.

ఏది ఉన్నా అన్నకి సగం పెట్టి తినమని నేర్పింది నువ్వే. నాకున్నవి రెండు.

దీవించు.

నీ పెద్దమ్మాయి