పుట్టిల నీ దిక్కు

ఏమే,

ఇయ్యాల్టికి నువ్వు పోయి ఏడాది. కొడుకుతోని రాయిస్తే వాడు ఏడుస్తడని, నాకొచ్చిన నాలుగక్షరాలతోని నేనే రాస్తున్న.

బీచుపల్లి రేవుల మనుషుల్ని దాటించే పని వానికి అప్పజెప్పినంక, ప్రతి ఎండకాలం మనిద్దరం కృష్ణల సోమశిల దాకా మన గుండ్రటి తోలు పుట్టిల పోతుంటిమి గదా. మొన్న గూడ తయారైన. పుట్టి తోలు నానబెట్టి ఆముదం పట్టించిన. జొన్నరొట్టెలు, ఎల్లిగడ్డ కారం మూటగట్టిన. "ఒక్కనివే ఏడికి నాయినా?" అని కొడుకు కోపం జేసిండు. నేను ఇన్లేదు.

రేవు దాటంగనే పుట్టి నా దిక్కు ఒరిగి గిరగిర తిరిగింది. నువ్వు ఎదురుంగ కూసుంటేనే అది సక్కగ నడుస్తుండె. ఒడ్డుకొచ్చి, నీ జాగల నీ అంత బరువు రాయి పెట్టిన. అప్పుడు నిలిచింది.

నడిమిట్లకు పోయినంక తోలు కుట్ల కాడ నీళ్లు ఊరినయ్. "జర ఒడ్డెంబడి పోనియ్యరాదయ్యా" అని తిట్టుకుంట నువ్వు తోడే సొరకాయ బుర్ర యాదికొచ్చింది. అలవాటు కొద్ది దాన్ని నీ దిక్కే పెట్టిన. లేచి అందుకుంటే పుట్టి బోర్ల పడుతది.

పాదాలు మునిగినంక గూడ, తెడ్డేసి ఒడ్డు పట్టే ముందు, నువ్వు అందిస్తవని జరసేపు చెయ్యి చాపుకొని కూసున్న.