మంచం పక్కన పరిచిన పేపర్

నవంబరు 3, సోమవారం
మా అమ్మాయి హారికకి నర్సింగ్ చదువులో భాగంగా ఇవాళ్టి నుంచి ఊళ్ళలో డ్యూటీ. ఆసుపత్రిలో అయితే నాకింత భయం ఉండేది కాదు. శామీర్‌పేట దాటి, తుర్కపల్లి వైపు ఒక పల్లెలో ఇల్లిల్లూ తిరగాలట. తనకిచ్చిన ఇంట్లోనే టీబీ. కంపెనీ క్యాబు నడిపే మనిషికి. పేరు అడిగితే చెప్పలేదు. "అలాంటివి ఇంట్లో చెప్పకూడదమ్మా."
గ్యాస్ బుక్ చేశాను. రేపటి నుంచి పాలు అర లీటరు ఎక్కువ. పిల్లకి బలం కావాలి.

నవంబరు 4
గుమ్మం ముందు పాత పేపర్ పరిచాను. సంచి దాని మీద, చెప్పులు బయట, బట్టలు తిన్నగా బకెట్లోకి. హారిక ఒకటే నవ్వు. పల్లెలో తనూ ఇదే చేస్తుందట. రోగి ఇంట్లో ముందు పేపర్ పరిచి, సంచి దాని మీద పెట్టి, చేతులు కడుక్కున్నాకే తెరవాలి. "మనిల్లు పేషెంటు ఇల్లు చేసేశావు కదమ్మా!"
నాకు నవ్వు రాలేదు.

నవంబరు 6
తన పళ్ళెం, గ్లాసు వేరు చేశాను. అంచు సొట్టపోయిన స్టీలు పళ్ళెం... కలిసిపోకుండా గుర్తుంటుందని. అందులోనే తింది. తిట్టినా బాగుండేది.
చెయ్యి కడుక్కుంటూ — "పళ్ళేల వల్ల రాదమ్మా. దగ్గితే గాలిలోంచి వస్తుంది."
అయినా సరే.

నవంబరు 8
ఆ క్యాబు అతని భార్య సంగతి చెప్పింది. గాలి తగిలేలా వాకిట్లో కూర్చుని మాట్లాడదామంటే, చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతుందట — "జల్దీ లోపలికి రా బేటీ, వాడకట్టంతా మనల్నే చూస్తాంది." కిటికీ తెరిస్తే మూసేస్తుందట. అందరితో దమ్ము రోగమని, ఉత్త ఆయాసమేనని చెప్పుకుంటోందట.
నేను మాత్రం? హారిక ఎక్కడికి వెళ్తోందని కాలనీలో అడిగితే కాలేజీకే అంటున్నాను.
చలిగాలికి నా దగ్గు తగ్గడం లేదు. కిటికీలన్నీ మూయించాను.

నవంబరు 11
పనికొచ్చే యాదమ్మ అంట్లు తోముతూ సొట్ట పళ్ళెం ఎత్తి పట్టుకుంది.
"గీ తలె ఎవ్వలదమ్మా, పక్కకు పెట్టినవ్?"
"హారికది."
"గా పిల్ల మంచిగనే ఉన్నది గదా. నేనొచ్చిన కాడికెల్లి దగ్గుతున్నది నువ్వు. దగ్గు నీకు, ఏరే తలె బిడ్డకా?" అని పడీ పడీ నవ్వింది.
నేనూ నవ్వబోయాను. దగ్గొచ్చింది.

అదే రోజు, మధ్యాహ్నం
దగ్గు ఎప్పుడు మొదలైంది? దీపావళికి ముందే. హారిక ఆ పల్లె మొహం చూడకముందే. జాకెట్లు వదులయ్యాయి, పని ఎక్కువై అనుకున్నాను.
హారిక రోజూ నా పక్కనే పడుకుంటోంది. నా మొహం వైపు తిరిగి. మూసిన కిటికీలు... దేవుడా, పిల్లకి నా నుంచే...

నవంబరు 12
హాల్లో పడుకోమన్నాను. ఎందుకంది. గదిలో దోమలన్నాను. హాల్లోనే ఎక్కువ దోమలు. తేరిపార చూసింది.
"అమ్మా, ఆ దగ్గు ఎన్నాళ్ళ నుంచి?"
ఇంట్లో మాట్లాడే గొంతు కాదు. ఆ పల్లెలోనూ ఇలాగే అడుగుతుందేమో. చలికే అన్నాను. మళ్ళీ అడిగింది. చెప్పేశాను.

నవంబరు 14
మూత ఉన్న చిన్న డబ్బా తెచ్చి ఇచ్చింది. పొద్దున్నే నోరు పుక్కిలించి, ఆరుబయట నిలబడి, లోపలి నుంచి దగ్గి కఫం తియ్యాలి. మేడ మీదికి వెళ్ళాను. ఎదురింటావిడ వాళ్ళ డాబా మీద బట్టలు ఆరేస్తోంది... నీళ్ళ ట్యాంకు చాటుకి నక్కాను. ఆ క్యాబు అతని భార్య గుర్తొచ్చింది.
డబ్బా హారిక తీసుకెళ్ళి ఆరోగ్య కేంద్రంలో పరీక్షకి ఇచ్చింది.
మా ఆయనతో చెప్పాను. "చలికాలం దగ్గే, ఊరికే భయపడకు" అన్నారు. అంటూనే లేచి కిటికీ తెరిచారు.

నవంబరు 15
సొట్ట పళ్ళెంలో నేను వడ్డించుకున్నాను. హారిక లాగేసుకుని, మంచి పళ్ళెం నా ముందుకు తోసింది.
"ఎన్నిసార్లు చెప్పాలమ్మా, దీని వల్ల రాదని?"
"మరి నీకూ పరీక్ష చేయించుకుంటావా?"
"ముందు నీది రానీ."


నవంబరు 17, సోమవారం
ఇవాళే తెలుస్తుంది. ఏమీ లేకపోతే అక్కడి నుంచే ఫోన్ చేస్తానంది. పప్పు మాడింది. ఫోన్ దగ్గరే కూర్చున్నాను. రాలేదు. ఛార్జింగ్ అయిపోయిందేమో తనది. అలా అవుతుంటుంది.

సాయంత్రం
గేటు చప్పుడు. వచ్చింది. మాస్కు తియ్యలేదు. గుమ్మంలో నేను పరిచిన పేపర్ దాటేసి, సంచి లోపలికి తెచ్చింది. నా మంచం పక్కన వేరే పేపర్ పరిచింది. సంచి దాని మీద పెట్టింది.
"ఏమన్నారు?"
"చేతులు కడుక్కుని వస్తానమ్మా."
కుళాయి విప్పింది. నీళ్ళ చప్పుడు ఇంకా ఆగలేదు...