మూడో కూత

అక్కా, నా చెవులు చెడలేదు. నన్ను తీసుకురమ్మని మామయ్యని పంపకండి.

నేను పనిచేసే శబ్దాల ప్రదర్శనలో స్పీకర్లు రెండే అయినా, నాకు మూడో కూత వినపడుతోందని భయపడుతూ రాశాను కదా. నిన్న చూడవచ్చిన వాళ్లూ అదే మాటన్నారు. ఇంకేం, ఒళ్లు మండింది! "స్పీకరు దాచి జనం చెవుల్లో పూలు పెడతారా? కళంటే ఇదేనా?" అని అరిచి గదిలో కట్టిన తెర చింపేశాను. వెనక ఉత్త గోడ!

ఈ ప్రదర్శన పెట్టిన మేడం పడీపడీ నవ్వింది. "రెండు కూతలు కలిస్తే మూడోది చెవే పుట్టిస్తుందయ్యా. నీ చెవి భేషుగ్గా ఉంది," అంది.

తెర నేనే కుట్టాలట. లావు బట్టకి ఏ కుట్టు వెయ్యాలో రాయి. బావ జ్వరం తగ్గిందా? ముందు ఈ కార్డు అమ్మకి చదివి వినిపించి, ఈ పూటైనా కడుపునిండా తినమను.

నీ తమ్ముడు