పాల సొర పంచాయితీ

6 ఫిబ్రవరి 1962, మంగళవారం

అష్టగ్రహ కూటమికి లోకం మునుగుతుందన్నారు. మునగలేదు. రాజేశ్వర్ రావు ఇంకా జువాలజీ హెడ్డుగానే ఉన్నాడు.

ఉదయం హనుమకొండలో మా పాత కాలేజీ మ్యూజియంకు వెళ్లాను. మహానుభావుడు విద్యార్థులను బాపట్ల తీసుకుపోయి, వలలో పడ్డ చిన్న సొరచేపలను తెచ్చి ఫార్మలిన్ జాడీలో పెట్టాడు. లేబిల్ మీద ‘పార మూతి సొర’ అని రాశాడు. కాదు. అవి పాల సొరలు. పార మూతి సొరకు మూతి పార అంచులా పలచగా ఉంటుంది, వీపు మీది పెద్ద రెక్క బాగా వెనక్కి జరిగి ఉంటుంది. పాల సొరకు నోటి మూలల్లో పొడవాటి గాడి. వేలిగోరు పడుతుంది. ఈయనకు చేప కోయడం నేర్పిందే నేను. నోరు తెరిచి చూడమని కూడా నేర్పాను. మరిచిపోయాడు.

జాడీ మూత తీసి చూపిస్తానంటే, రిటైరైన వాళ్లు స్పెసిమెన్లు ముట్టుకోవద్దని రూలట. ఆ రూలు నేను హెడ్డుగా ఉన్నప్పుడు పెట్టిందే.

8 ఫిబ్రవరి

చౌరస్తాలో బట్టల కొట్టు గోపాల్ వచ్చాడు. చేపల సంగతి తెలియదు గాని వినడం తెలిసినవాడు. అంతా చెప్పాను. నేను మద్రాసులో చదివేటప్పుడు చూశాను, రేవులో బాలింతలకు పాల సొరను వెల్లుల్లి వేసి వండి పెడతారు, పాలు పడతాయని. గోపాల్ నవ్వాడు. జర ఊకోరాదు సారూ, సచ్చిన చేపకు ఏ పేరు పెడితేంది, అదేమన్న పలుకుతదా అన్నాడు.

వాకిట్లో మొగిలమ్మ చీపురు ఆగింది. కాలేజీ ల్యాబూ ఆమే ఊడుస్తుంది, మా ఇల్లూ ఆమే. కూతురు సమ్మమ్మ మొన్ననే ప్రసవించింది. పాలు లేవు. మొదటి బిడ్డ అట్లాగే పోయింది. ఆ సీసల ఉన్నది నిజంగ గదేనా సారూ అని అడిగింది. ఒట్టేసి చెప్పాను. ఈ ఊళ్లో నా మాట నమ్మే మనిషి ఒకరైనా దొరికారని కడుపు నిండింది.

10 ఫిబ్రవరి

జాడీలో ఒక చేప తగ్గిందని కాలేజీలో గోల. అనుమానం నా మీదేనట. నవ్వుకున్నాను.

13 ఫిబ్రవరి, మధ్యాహ్నం

ఎల్లిగడ్డ దంచి ఎయ్యాల్నా, పాయలు పాయలుగనే ఎయ్యాల్నా అని మొగిలమ్మ అడగడానికి వచ్చింది. దేంట్లో అన్నాను. చెప్పింది.

చొక్కా గుండీలు పెట్టుకోకుండానే ఆమె వెంట పరుగెత్తాను. పొయ్యి మీద కుండ. పక్కన సమ్మమ్మ గిన్నె పట్టుకొని కూర్చుంది. ఒళ్లో పిల్లకు ఏడ్చే ఓపిక లేదు, నోరు మాత్రం తెరుస్తోంది. అది విషం, శవాలు కుళ్లకుండా పెట్టే నీళ్లలో ఊరింది అన్నాను. చింతపండు పులుసుల నానవెట్టిన, పసుపు రాసి కడిగిన, వాసన గూడ పోయింది అన్నది మొగిలమ్మ. దవాఖానల మందులన్నీ సీసలల్లనే ఉంటయి గద, మందుల ఊరిన చేప ఇంక జోరుగ పని చేస్తది, నువ్వు ఫికర్ చెయ్యకు అన్నది. కుండ పట్టుకున్నాను. ఆమె బలం ముందు నేనెంత.

అప్పుడు అన్నాను. అది పాల సొర కాదు. రాజేశ్వర్ రావు రాసిందే నిజం. కుళ్లుబోతుతనంతో అబద్ధమాడాను.

కుండ వదిలేసింది. గింత సదువు సదివి చేప మీద అబద్ధమాడితివా సారూ, నా బిడ్డ పానం మీదికి తెస్తివి అన్నది. సమ్మమ్మ గిన్నె బోర్లించింది.

కుండను నేనే మోసుకుపోయి పూడ్చాను.

14 ఫిబ్రవరి

డబ్బా పాలు పంపాను. పిల్ల కక్కుతోందట. తల్లి దిగులు పోతే పాలు అవే పడతాయని దవాఖానలో డాక్టరమ్మ అంటుంది. దిగులు పోవడానికి మందు మాత్రం రాసివ్వలేదు. వాకిట్లోకీ గదిలోకీ తిరుగుతున్నాను. పుస్తకం తెరిస్తే అక్షరం పట్టడం లేదు. బాపట్లలో ఉన్న పాత శిష్యుడు సారంగపాణికి టెలిగ్రాం ఇచ్చాను. చిన్న సొరలు ఏవి వలలో పడితే అవి, ఐసులో పెట్టి వెంటనే పంపు.

17 ఫిబ్రవరి

వరంగల్ స్టేషన్ నిండా మేడారం జాతరకు పోయే జనం, బెల్లం ముద్దలు. వాళ్ల మధ్య ప్లాట్‌ఫారం మీదే గంప విప్పాను. రెండు రకాలూ కలిసే ఉన్నాయి. పార మూతివి పక్కన పెట్టాను. మిగిలిన వాటి నోటి మూలల్లో గోరు పెట్టి చూశాను. గాడి ఉంది. ఇన్నేళ్లకు చేతులకు పని దొరికింది. ఒక ముసలమ్మ వచ్చి కిలో ఎట్ల అని అడిగింది.

మొగిలమ్మ చేప చూడగానే మొహం తిప్పుకుంది. గిది గా సీసల చేప లెక్కనే ఉన్నది గద, గది పాల సొర కాదని నువ్వే అంటివి, మల్ల ఎవల ముంచుతందుకు తెచ్చినవ్ అన్నది. హెడ్డు సారు చెప్తె వండుత అన్నది.

అదే రోజు, సాయంత్రం

రాజేశ్వర్ రావు ఇంటికి వెళ్లాను. కూర్చోమన్నాడు, కూర్చోలేదు. సంగతి చెప్పి చేప చూపించాను. పెన్సిలుతో అటూ ఇటూ తిప్పాడు. నోరు తెరిచి చూడలేదు. పాల సొరే, ఇంత చిన్న దానికి మీరే రావాల్నా, కబురు పంపితే నేనే వచ్చేవాణ్ణి గద సార్ అన్నాడు. ఆయన జాడీలో ఉన్న చేపకూ దీనికీ అదే మూతి, అదే రెక్క, అదే గాడి. నీ లేబిలే తప్పు అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది.

గుమ్మం బయట మొగిలమ్మ నిలబడి వింటోంది.

చేతులు జోడించి వచ్చేశాను.

21 ఫిబ్రవరి

సమ్మమ్మకు పాలు పడ్డాయి. హెడ్డు సారుది సల్లని నోరు అని మొగిలమ్మ వాడంతా చెబుతోంది. ఈ పొద్దున వాకిలి ఊడుస్తూ, అవునా కాదా సారూ అని నన్నే అడిగింది.

అవునన్నాను.