రెండుసార్లు విప్పిన కుట్లు

చిన్నీ,

అమ్మ దీవించి రాస్తున్నది. మేమిద్దరం బాగానే ఉన్నాం. నా మోకాలు కుట్టుమిషను తొక్కితే ఊరుకుంటుంది, కూర్చుంటే పీకుతుంది. దానిదీ మీ నాన్నదీ ఒకటే తంతు, ఖాళీగా ఉంటేనే నస.

నువ్వడిగిన నర్సింగు మార్కుల కాగితాలు పెట్టె అడుగున దొరికాయి. వేరే కవర్లో పంపాం. మీ హెడ్ నర్సమ్మ సిఫార్సు ఉత్తరం ఇస్తానందని చదివి నాన్న, "మన కందిరీగని భరించినందుకు ముందు ఆవిడకివ్వాలే సర్టిఫికెట్టు" అన్నారు. చాన్నాళ్ళకి నవ్వాం.

ఇక ఆ ఒక్క పేజీ సంగతి. పురుళ్ళ చదువు ఎందుకు కావాలో రాయమన్నారనీ, మూడు ఆదివారాలు కూర్చున్నా "మా అక్క" అన్న మాట దాటి కలం కదల్లేదనీ రాశావు. ఆ వారం నువ్వు సెలవు పెట్టి వచ్చుంటే అక్కా, కడుపులో బిడ్డా దక్కేవారట. అక్కని కాపాడుకోలేనిదానికి ఈ చదువెందుకు, అప్లికేషను మానేస్తానన్నావు.

మానకు. రెండేళ్ళుగా మింగిన మాట ఇవాళ కక్కుతున్నాను.

ఎనిమిదో నెలలో అక్క, గౌను చేతులు బిగుతయ్యాయంది. కుట్లు విప్పి అరంగుళం వదిలాను. నాలుగు రోజులకే మళ్ళీ తెచ్చింది. మళ్ళీ విప్పాను. సబ్బు రాసినా వేలి ఉంగరం రాలేదు. "పుట్టింటి తిండి ఒంటబట్టిందే" అని మురిసిపోయాను. ముప్పై ఏళ్ళు కొలతలు తీసినదాన్ని, నాలుగు రోజుల్లో ఎవరూ అంత లావెక్కరని తెలియదా? మురిపెం కళ్ళు కప్పేసింది.

ఆ పొద్దున, "అమ్మా, తల పగిలిపోతోంది, కళ్ళముందు మెరుపులొస్తున్నాయి. చిన్నికి ఫోన్ చెయ్యనా?" అంది. "డ్యూటీలో ఉంటుంది, దాన్నెందుకు కంగారుపెడతావు, కాసేపు పడుకో" అన్నాను. మధ్యాహ్నానికి ఫిట్స్ వచ్చాయి.

ఫోను వద్దన్నది నేను. చెబితే నన్ను అమ్మా అని పిలవవేమోనని దాచాను. మీ నాన్నకి నిన్ననే చెప్పాను. విని లేచారు. కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టారు.

ఇప్పుడు గౌను వదులు చేయమని కడుపుతో ఉన్న ఏ పిల్ల వచ్చినా, ఎన్నాళ్ళలో బిగుతైంది, తలనొప్పి ఉందా అని అడుగుతున్నాను. పోయిన నెల ఎదురింటి టీచరమ్మని, "కుట్లు తర్వాత, ముందు బీపీ చూపించుకురా" అని పంపేశాను. "డాక్టరువి ఎప్పుడయ్యావు పిన్నీ" అని నవ్వుతూనే వెళ్ళింది. ఆస్పత్రిలో వెంటనే చేర్చుకున్నారట. మొన్న ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

నాలుగో తరగతి చదివినదాన్ని, అడగడం ఒక్కటే నేర్చుకున్నాను. అడిగాక ఏం చెయ్యాలో నువ్వు నేర్చుకో. నా తప్పు ఉన్నదున్నట్టు ఆ పేజీలో పెట్టు. నువ్వు సిగ్గుపడకు, నేనూ పడను. నెలాఖరు ఆఖరు తేదీ అన్నావు. నన్ను తిట్టాలంటే అప్లికేషను పంపాక తిట్టు.

అక్క గౌను చెయ్యి ఒకటి ఊడదీసి ఇందులో పెట్టాను. పాత కుట్ల బెజ్జాలు రెండు వరసలు కనిపిస్తాయి. "మా అక్క" తర్వాత అక్కణ్ణించి మొదలుపెట్టు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ